పోయొస్తానమ్మా, గడియ ఏసుకోండి

పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి. దయ్యాలంటే నాకు నవ్వే తప్ప నమ్మకం ఏనాడూ లేదు. కరెంటు పోతే ముందు ఫ్యూజు చూసే రకం. అలాంటి నేను ఇది రాస్తూ రెండుసార్లు లేచి తలుపు చూసుకున్నాను.

మా బావ బేతంచెర్లలో నాపరాళ్ల పాలిషింగ్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. రాళ్ల లారీ బోల్తా పడి చనిపోయాడు. అప్పటికి వాళ్ల పాప ఇంకా ఉయ్యాల్లోనే ఉంది, ఇప్పుడు బడికి పోతోంది. మైకు పనిచేస్తుందో లేదో చూడటానికి ఆయన తన కంప్యూటర్లో రికార్డు చేసుకున్న రెండు మాటలు తప్ప, ఆ గొంతు మాకు ఇంకెక్కడా లేదు. ఆ కంప్యూటర్ కాస్తా ఈ ఎండాకాలంలో చచ్చి కూర్చుంది.

"పాపకు వాళ్ల నాయన గొంతు ఎట్లుంటాదో తెలీదురా. ఎట్లన్నా చేసి తియ్యి," అంది అక్క.

దాని హార్డ్‌డిస్కు విప్పి కర్నూలులో మా ఇంటికి తెచ్చాను. అక్కా వెంట వచ్చింది. నా పాత డెస్క్‌టాప్ మూత తీసి దాన్ని రెండో డిస్కుగా తగిలించాను. డేటా కేబుల్ ఒకటి, కరెంటు కేబుల్ ఒకటి, అంతే. పట్టపగలు, బయట ఎండ మండిపోతోంది. డిస్కు కీచుమంటూ తిరిగింది. ఫైలు కనబడగానే నొక్కాను.

"పాపా, పోయొస్తానమ్మా. గడియ ఏసుకోండి."

మా వైపు గడప దాటేటప్పుడు ఎవరూ "పోతా" అనరు, "పోయొస్తా" అనే అంటారు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి.

విడిగా ఉండే కొత్త హార్డ్‌డిస్కు ఒకటి యూఎస్‌బీకి పెట్టి, ఫోటోలతో సహా మొత్తం అందులోకి కాపీ చేయడం మొదలుపెట్టాను. సగంలో బావ పాత డిస్కు టకటకమని కొట్టుకుని ఆగిపోయింది. కాలిపోతుందేమోనని గాభరాపడి రెండు కేబుళ్లూ లాగేశాను.

తెర మీద కాపీ ఆగలేదు. కేబుళ్లు నా చేతిలోనే వేలాడుతున్నాయి, ఆకుపచ్చ గీత మాత్రం చివరిదాకా పాకింది.

కొత్త డిస్కులో ఆ ఫైలు తెరిచాను. అదే గొంతు, వెనకాల అదే ఫ్యాను చప్పుడు.

"పాపా, వచ్చినానమ్మా. గడియ తీయండి."

నేను ఆ ఫైలు పేరు మళ్లీ చూసుకున్నాను. అక్క మాత్రం లేచి వెళ్లి తలుపు తీసింది. ఎండ తప్ప బయట ఎవరూ లేరు.

ఆడియో ఫైలు అదొక్కటే, మొత్తం వెతికి చూశాను. పాత డిస్కు మళ్లీ తిరగలేదు కాబట్టి పోల్చి చూసే దారి లేదు. పొరపాటున విన్నాననుకుందామంటే ఇద్దరం విన్నాం. ఇదెలా జరిగిందో నాకు ఈ రోజుకీ అర్థం కాలేదు.

పాప రోజూ ఆ మాటలు పెట్టుకుని వింటోంది. అక్క రాత్రిళ్లు గడియ పెట్టడం మానేసింది. ఇదేం పని అని అడిగితే, "మీ బావ తీయమన్నాడు గదరా," అంటుంది.

వాళ్లింట్లో పడుకున్న రాత్రి నేను ఆ తలుపు వైపు వీపు పెట్టి పడుకోలేను.