కాపరి బొమ్మ కోసం నేను చేసిన ప్రార్థన

అడిగినదానికంటే ఎక్కువ ఇచ్చే దేవునికి, అడగడం చేతకాని వాళ్ళ మాట కూడా విసుక్కోకుండా వినే దేవునికి స్తోత్రం. ఆయన కృప లేకపోతే ఈ సంగతి చెప్పుకోవడానికి నాకు ముఖం ఉండేది కాదు.

ఆ రోజుల్లో (మరీ పాత రోజులేమీ కావు, మూడేళ్ళయింది, కానీ అప్పటి నన్ను తలచుకుంటే మా తాతల కాలం మనిషిలా కనబడతాను) నాకు డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం దొరకలేదు, తెలివి మాత్రం నిండుగా ఉండేది. నాచారంలో హార్డ్‌వేర్ దుకాణం పైన మొదటి అంతస్తులో మా సంఘం. ఆరాధనలో పాటల పదాలు తెర మీద వేసేది నేనే, మైకు కూస్తే పరుగెత్తేది నేనే. ఏటా వేసవి సెలవుల్లో పిల్లలకు పది రోజుల బైబిలు బడి పెడతాం. వేదిక వెనక కట్టే గుడ్డ మీద బొమ్మ వేసేది బోర్డుల మామ. లాలాపేట నుంచి ఉప్పల్ దాకా టిఫిన్ సెంటర్లకు, వెల్డింగ్ షాపులకు చేత్తో బోర్డులు రాసిన మనిషి. ఫ్లెక్సీలు వచ్చాక ఆయనకు మిగిలిన పెద్ద పని ఏడాదికొకసారి మా గుడ్డ ఒక్కటే. ఆ ఏడు కంటి ఆపరేషన్ అయింది, నెల రోజులు రంగులు ముట్టుకోవద్దన్నారు. ఆయన నల్ల కళ్ళద్దాలతో వెనక వరుసలో కూర్చుని ఉండగానే నేను సంఘమంతటి ముందు లేచి నిలబడి, "మామకెందుకు శ్రమ? ఏం కావాల్నో రాస్తే చాలు, ఏఐ నిమిషంల బొమ్మ గీసిస్తది. ఇగ ప్రతి ఏడు గిట్లనే చేద్దాం" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. మామ కూడా కొట్టాడు, ఒక్కసారే.

బొమ్మ ఏమిటంటే, బైబిల్లోని కథ: నూరింటిలో తప్పిపోయిన ఒక్క గొర్రెపిల్లను వెతికి భుజాన వేసుకుని వచ్చే కాపరి. శనివారం సాయంత్రం ఆరింటికల్లా ఉప్పల్‌లోని ఫ్లెక్సీ షాపుకు ఫైలు చేరాలి, సోమవారం పిల్లలొస్తారు. శనివారం పొద్దున ఏఐ బొమ్మలు గీసే సైటు తెరిచాను. ఖాళీ గడి, అందులో మినుకుమనే గీత. ఏం అడగాలో తెలుసు, ఎలా అడగాలో తెలియదు. చిన్నప్పటి నుంచి అడగడానికి నాకు నేర్పిన పద్ధతి ఒకటే: మొదట స్తుతి, తరువాత కృతజ్ఞత, ఆపైన ఒప్పుకోలు, అన్నిటికీ చివర మనవి. నేరుగా మనవికి దిగేవాడు మర్యాద లేనివాడని మా అమ్మ అభిప్రాయం. అందుకని "ఆకాశాన్ని, భూమిని కలుగజేసిన మహోన్నతుని ఘనపరుస్తూ, ధూళివంటి మమ్మల్ని ఇన్నాళ్ళు కాచిన రెక్కల నీడకు వందనాలు చెల్లిస్తూ" అని మొదలుపెట్టి, ఇరవై వరుసల తరువాత గొర్రెపిల్ల దగ్గరికి వచ్చి, చివర ఆమేన్ పెట్టి మీట నొక్కాను. (కళ్ళు కూడా మూసుకున్నాను. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.)

కళ్ళు తెరిస్తే సింహాసనం, మేఘాలు, దుమ్ము తుఫాను, దాని మీద విమానమంత రెక్కలు. గొర్రెపిల్ల జాడ లేదు. నా వినయం చాలలేదేమోనని ఇంకో పది వరుసలు పెంచాను. ఈసారి రెండు సింహాసనాలు వచ్చాయి.

మూడు గంటలకు పాస్టరు గారు ఫోన్ చేశారు. ఆయనది గుంటూరు వైపు. "ఏమయ్యా, మన కాపరి బయలుదేరాడా?"

"బయలుదేరిండు అయ్యగారు, గొర్రె దొరకాలె."

"మిగతా తొంభై తొమ్మిదీ ఉన్నాయా మరి?"

"ఒక్కటి గూడ లేదు."

ఆయన చాలాసేపు నవ్వి, "మామ దగ్గరికి వెళ్ళవయ్యా. సిగ్గుపడితే టైము పోతుంది" అన్నారు.

ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వెళ్ళాను. రాసింది చదవమన్నాడు మామ. చదివాను. అంతా విని భక్తిగా "ఆమేన్" అన్నాడు. తరువాత, "ఇది దేవునికైతే మంచిగుంది బిడ్డా, ఆయన మనసు సూస్తడు. నీ మిషినికి మనసు కనబడదు. బోర్డు రాయించుకునేటందుకు నా తానకి వచ్చినవనుకో, నేనేమడుగుత? ఎవరుండాలె? ఏం జేస్తుండాలె? యాడ? ఏ పొద్దు? గంతే. 'మస్తు అందంగ గీయి మామా' అనేటోనికి నేనెన్నడు బోర్డు రాయలె. వానికేం గావాల్నో వానికే తెల్వది" అన్నాడు.

కళ్ళు మూసుకుని చెప్పసాగాడు, నేను టైపు చేశాను. "నడీడు కాపరి. భుజం మీద గొర్రెపిల్ల, దాని తలకాయ ఆయన చెవు కాడ. వెనక రాళ్ళగుట్ట. పొద్దుగూకుతుంది." అరనిమిషంలో బొమ్మ వచ్చింది! కానీ గొర్రెపిల్ల తెల్లటి ఉన్నితో, బొద్దుగా, దొరసానిలా ఉంది. మామ తెర దగ్గరికి వంగి, "గిదేం గొర్రె? దీన్ని మొయ్యాల్నంటే ఇద్దరు గావాలె! నల్లగ, బక్కగ, చెవులు ఏలాడేసుకోని ఉంటది మన గొర్రె. గది రాయి" అన్నాడు. రాశాను. అచ్చం మన గొర్రెపిల్లే వచ్చింది, ఐదు కాళ్ళతో.

"నీ ఏఐకి లెక్కలు రావుర!" ఆపరేషన్ అయ్యాక మామ అంతలా నవ్వడం అదే మొదలు. "కాపరి చెయ్యి దాని కాళ్ళకు అడ్డం పెట్టమను. నాకు కాళ్ళు కుదరకపోతే నేను గూడ గట్లనే జేసిన, ముప్పై ఏండ్ల సంది. ఎవనికీ తెల్వది."

ఆరుకు పది నిమిషాలుండగా ఫైలు ఉప్పల్ చేరింది.

సోమవారం ముందు వరుసలో ఒక చిన్నది లేచి అడిగింది, "అన్నా, గీ బొమ్మ ఎవరు గీసిన్రు?" నేనే అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. వెనక మామ ఉన్నాడు. "మామ చెప్పిండు, నేను రాసిన, మిషిను గీసింది" అన్నాను. పిల్లలందరూ వెనక్కి తిరిగి మామను చూశారు. ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నాడు, సర్దుకున్నవే మళ్ళీ సర్దుకున్నాడు.

మరుసటి ఏడు సంఘం మళ్ళీ గుడ్డే కొన్నది. ఇప్పుడు పద్ధతి ఏమిటంటే, ఏఐతో బొమ్మ తీయించి మామకు ఇవ్వడం నా పని. ఆయన దాన్ని శ్రద్ధగా చూసి, "బాగుంది" అని పక్కన పెట్టి, తనకు తోచింది గీసుకుంటాడు. చప్పట్ల కోసం లేచి నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది. ఎవరైనా చొక్కా పట్టి కూర్చోబెట్టి ఉంటే ఎంత బాగుండేది! ఇది చదివిన మీరు నాతో కలిసి ఒక్క మాట ప్రార్థించండి: ప్రభువా, పెద్దల చేతిలోని పని లాక్కునే తొందర మాలో తగ్గించు. మా మామ చేతికి, కంటికి ఇంకా చాలా వేసవులకు సరిపడా బలమివ్వు. ఆమేన్.