సాక్ష్యంలో లేని పేరు

ఐర్లండ్‌లోని కార్లో పట్టణానికి వచ్చిన మొదటి సెమిస్టర్‌లోనే అబిగేయిల్‌కు ప్రోగ్రామింగ్ పేపర్ పోయింది. డేటా సైన్స్‌లో మాస్టర్స్ చేయడానికి వచ్చిన ఆ బ్యాచ్‌లో ఆ పేపర్ తప్పింది ఇద్దరే. రెండో అతను అసలు పరీక్షకే రాలేదు.

వేటపాలెం దగ్గర ఆమె చదివిన డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ లేకపోలేదు. తాళంచెవి ప్రిన్సిపాల్ దగ్గరుండేది. తనిఖీకి ఎవరైనా వస్తేనే తలుపు తెరిచేవారు. నల్లబల్ల మీద రాసిన ప్రోగ్రాములను నోట్సులోకి ఎక్కించుకుని, బట్టీ పట్టి, ఫస్ట్ క్లాసులో పాసయింది. నాన్న కరోనాలో పోయాడు. అమ్మ జీడిపప్పు కార్ఖానాలో పిక్కలు కొట్టేది. ఆ పిక్కల నూనెకు వేళ్లు నల్లబడి, తోలు పొరలుగా లేచిపోయేది. రోజూ పొద్దున ఆ చేతిని కూతురి తల మీద పెట్టి ప్రార్థన చేసి గానీ పనికి వెళ్లేది కాదు.

పేపర్ పోయిన వారంలోనే, ఆమె ఉంటున్న ఇంటిని అమ్మేస్తున్నామని యజమాని చెప్పాడు. మిగతా ముగ్గురు అమ్మాయిలు డబ్లిన్‌లో ఎవరెవరి దగ్గరికో సర్దుకున్నారు. అబిగేయిల్ నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్లను చూసుకునే పార్ట్‌టైమ్ పనికి వెళ్లి, డ్యూటీ అయ్యాక బస్‌స్టాప్‌లో సూట్‌కేసు పక్కన కూర్చుంది. అక్కడ ఆమెను చూసింది సంతోషకుమారి ఆంటీ. ఆ ఊళ్లో తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్ నడిపే రాజగోపాల్ గారి భార్య.

"ఏందమ్మా, పెట్టెతో ఇట్టా కూర్చున్నావు? ఎక్కు కారు" అంది.

ఇంకేం అడగలేదు. వాళ్లింట్లో మేడమీది చిన్న గది ఖాళీ చేసి ఇచ్చారు. అద్దె తీసుకోలేదు. అన్నం పెట్టారు, జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు, రాజగోపాల్ అంకుల్ రోజూ భోజనానికి ముందు ఆమె పేరు పెట్టి ప్రార్థన చేశాడు. ఆదివారం ఫెలోషిప్‌లో పిల్లలకు బైబిలు పాఠం చెప్పే పనిని అబిగేయిల్ తనంతట తానే తీసుకుంది. ఆ రుణం అంతటితో తీరుతుందనుకోలేదు. అంతకు మించి ఏం చేయాలో ఆమెకు తెలియలేదు.

ఫిబ్రవరిలో కాలేజీవాళ్లు, వెనకబడిన విద్యార్థులకు పరిశ్రమ నుంచి ఒక్కొక్క మెంటార్‌ను ఇచ్చారు. అబిగేయిల్‌కు వచ్చినావిడ డబ్లిన్ శివారు చెర్రీవుడ్‌లో పనిచేసే సీనియర్ ఇంజనీర్. నలభై అయిదేళ్లుంటాయి, కురచ జుట్టు. అరగంట ఇంగ్లీషులో మాట్లాడాక, అబిగేయిల్ కంప్యూటర్ తెర మీద ఎర్ర అక్షరాలు చూసి కళ్లనీళ్లు పెట్టుకుంటే, ఆవిడ మెల్లగా తెలుగులో అంది:

"ఏడ్సుడు తర్వాత బిడ్డా. ముందు ఆ ఎర్రర్ ఏమంటుందో చదువు. అది నిన్ను తిడతలేదు. ఏడ తప్పిందో చెప్తుంది."

ఆవిడ పేరు రత్నకుమారి. ఊరు కొత్తగూడెం. ఆ పథకం ప్రకారం నెలకొక గంట చాలు. రత్నకుమారి ప్రతి శనివారం కారు నడుపుకుంటూ కార్లో పట్టణానికి వచ్చింది. ల్యాబ్‌లో మూడేసి గంటలు కూర్చుంది. జవాబు ఎప్పుడూ చెప్పేది కాదు. అబిగేయిల్ తనే కనుక్కునేదాకా, చెయ్యి నొప్పి పుడితే ఎడమ మోచేతిని నిమురుకుంటూ కాచుకునేది. ఆగస్టులో అబిగేయిల్ ఆ పేపర్ మళ్లీ రాసి, డెబ్బై ఎనిమిది మార్కులు తెచ్చుకుంది.

ఆ రోజు వంటింట్లో ఆంటీకి ఆ సంగతి చెబుతూ మెంటార్ పేరు చెప్పింది. అలమరలోంచి గిన్నె తీస్తున్న ఆంటీ చెయ్యి ఆగిపోయింది.

"రత్నకుమారా? కృష్ణమూర్తి గారి భార్యా?"

కృష్ణమూర్తి అంటే ఫెలోషిప్‌లో కీబోర్డు వాయించే పెద్దమనిషి. ముందు వరసలో కూర్చుంటాడు, పిల్లలకు చాక్లెట్లు పంచుతాడు. మూడేళ్ల కిందట రత్నకుమారి ఫోన్ చేస్తే గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఆయన ఇంటికి వచ్చారట. చెయ్యి విరిచాడని ఆవిడ అంది, మెట్ల మీద జారిపడిందని ఆయన అన్నాడు. ఫెలోషిప్ అంతా ఆయన మాటే నమ్మింది. ఆవిడ ఆ ఇంటికి తిరిగి వెళ్లలేదు.

"మొగుణ్ణి పోలీసులకు పట్టించిన మనిషి. మన ఫెలోషిప్ పేరు ఎంత పాడైందో నీకు తెలవదు. మంచిదే, చదువు చెప్పింది. ఇక చాలించమ్మా" అంది ఆంటీ. గొంతులో కోపం లేదు, నిజమైన బెంగ ఉంది. అబిగేయిల్ తలూపింది. తర్వాతి శనివారం నుంచి లైబ్రరీకని చెప్పి వెళ్లడం మొదలుపెట్టింది.

చదువు అయిపోయింది. ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చిన వీసా గడువు తరుగుతూ వచ్చింది. దరఖాస్తులు వందకు పైగా పెట్టింది. జవాబు ఇచ్చినవాళ్లంతా మన్నించమన్నారు. ఒక శనివారం "ఇక ఇంటికి పోతానక్కా, వేటపాలెం" అంటే, రత్నకుమారి "నువ్వు రోజూ చూసేదాంట్లో ఏం తప్పు కనపడుతుంది?" అని అడిగింది.

నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్లు ఎవరైనా పడిపోతే ఒక కాగితం నింపాలి. నింపిన కాగితాలు ఫైల్లోకి పోతాయి. మళ్లీ ఎవరూ చదవరు. మేనేజరు అనుమతి తీసుకుని, పేర్లు తీసేసి, రెండేళ్ల కాగితాలను అబిగేయిల్ కంప్యూటర్‌లోకి ఎక్కించింది. తను రాసిన ప్రోగ్రాము చూపించింది: సగానికి పైగా పడిపోయింది సాయంత్రం ఏడుకూ ఎనిమిదికీ మధ్య, డ్యూటీలు మారే గంటలో, హాల్లో ఎవరూ లేనప్పుడు. మేనేజరు ఆ గంటలో ఒక మనిషిని హాల్లో ఉంచింది. రెండు నెలల్లో పడిపోయేవాళ్లు మునుపటిలో మూడో వంతుకు తగ్గారు.

ఆ పనిని చెర్రీవుడ్‌లో ఆరోగ్య రంగానికి సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక చిన్న కంపెనీకి చూపించమని పంపింది రత్నకుమారే. ఇంటర్వ్యూలో వచ్చే ప్రశ్నలు ఆరుసార్లు తనే అడిగి, తనే తిట్టి నేర్పింది. మార్చిలో ఉద్యోగం వచ్చింది.

ఫెలోషిప్‌లో ఎవరికైనా మేలు జరిగితే ముందుకు వచ్చి దేవుడు చేసింది చెబుతారు. దాన్ని సాక్ష్యం అంటారు. "ఈ ఆదివారం నీదే తల్లీ" అన్నాడు రాజగోపాల్ అంకుల్. అబిగేయిల్ రత్నకుమారికి ఫోన్ చేసింది.

"అక్కా, మీరు రావాలి. అందరి ముందూ మీ పేరు చెప్తా."

"వద్దు బిడ్డా. నాకు ఆడ ఎవరూ లేరు."

"నేనున్నా గదక్కా."

"సరే, సూద్దాం" అంది చివరికి.

ఆదివారం స్కూలు హాల్లో అరవై మంది ఉన్నారు. రత్నకుమారి చీర కట్టుకుని వచ్చింది. తలుపు పక్కన చివరి కుర్చీలో కూర్చుంది. ఆమె పక్కన కూర్చోబోయిన ఒకావిడ తన పిల్లను తీసుకుని మూడు వరసలు ముందుకు జరిగింది. కీబోర్డు దగ్గర కృష్ణమూర్తి తల ఎత్తలేదు.

అబిగేయిల్ మైకు అందుకుంది. ముందు వరసలో ఆంటీ ఫోన్ పైకెత్తి పట్టుకుంది. అందులో వేటపాలెం నుంచి అమ్మ చూస్తోంది. అబిగేయిల్ నాన్న గురించి చెప్పింది. బస్‌స్టాప్ గురించి, కారు ఎక్కమన్న ఆంటీ గురించి, అంకుల్ ప్రార్థనల గురించి చెప్పింది. ఆంటీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత చెప్పాల్సింది ఆ పేరు. చేతిలోని కాగితంలో పెద్ద అక్షరాలతో రాసి ఉంది. తలెత్తితే కృష్ణమూర్తి తననే చూస్తున్నాడు, నవ్వుతూ, తర్వాతి పాటకు వేళ్లు కీబోర్డు మెట్ల మీద పెట్టుకుని. మేడమీది గది గుర్తొచ్చింది, పెట్టిన అన్నం గుర్తొచ్చింది.

"చదువులో నాకు సాయం చేయడానికి కూడా దేవుడు... ఒకరిని పంపాడు" అంది.

అందరూ "హల్లెలూయా" అన్నారు. పాట మొదలైంది. పాట అయ్యేసరికి చివరి కుర్చీ ఖాళీగా ఉంది. మైకు ఇచ్చేసి బయటికి పరుగెత్తింది గానీ, ఆవిడ కారు నిలిపిన చోట వాన తప్ప ఏమీ లేదు.

ఆ రాత్రి పెద్ద మెసేజ్ రాసి పంపింది. పొద్దునకు జవాబు వచ్చింది: "పర్వాలేదు. జాబ్ మంచిగ చెయ్యి." ఆ తర్వాత ఫోన్ చేస్తే ఎత్తలేదు. శనివారాలు ఆగిపోయాయి.

ఏప్రిల్‌లో చెర్రీవుడ్ దగ్గర గది దొరికింది. సామాను సర్దుకున్న రోజు అబిగేయిల్ వంటింట్లోకి వచ్చి, ఇక దాచలేక, "ఆంటీ, నేను లైబ్రరీకి వెళ్లలేదు. అన్ని శనివారాలూ రత్నకుమారి గారి దగ్గరికే వెళ్లా. నాకు ఉద్యోగం ఇప్పించింది ఆవిడే" అని చెప్పేసింది.

ఆంటీ పచ్చడి సీసాకు మూత బిగించి ఆమె సంచిలో పెట్టింది.

"మాకు తెలుసు లేమ్మా. అంకుల్ ఆమె కారు చూశారు, కాలేజీ దగ్గర. నీ చదువు పాడవుద్దని ఊరుకున్నాం." తర్వాత ఆమె చెంప నిమిరి అంది: "ఆ రోజు ఆమె పేరెత్తుతావేమోనని నా గుండె దడదడలాడింది. ప్రభువే నీ నోరు ఆపాడు."

అబిగేయిల్‌కు ఏదో అనాలనిపించింది. ఆ చెయ్యి తీసేయాలనిపించింది. ఏమీ చేయలేదు. "వస్తా ఆంటీ" అంది. ఆ తర్వాత ఫెలోషిప్‌కు మళ్లీ పోలేదు. ఒంటరిగా ప్రార్థన చేద్దామని కూర్చుంటే, ఆంటీ మాటే ముందు వినిపించేది. ఎవరు నోరు ఆపారు? ఆపింది తానేనని ఆమెకు తెలుసు. ఆ సంగతి దేవుడి మీదికి నెట్టేసి వాళ్లు హాయిగా ఉన్నారు, తన వల్ల కావడం లేదు.

జూన్‌లో ఒక పొద్దున లువాస్ ట్రామ్ స్టాప్‌లో రత్నకుమారి కనిపించింది. బెంచీ మీద కూర్చుని ఉంది. అబిగేయిల్‌ను చూసి, పక్కనున్న బ్యాగు ఒళ్లోకి తీసుకుంది, ఎవరొచ్చినా అలాగే తీసుకునేదేమో. అబిగేయిల్ కూర్చోలేదు.

"అక్కా, క్షమించండి. భయమేసింది."

"తెలుసు. నీ ముఖంలో కనపడ్డది."

"ఇప్పుడు చెప్తానక్కా. మళ్లీ వెళ్లి, అందరి ముందూ..."

"ఇప్పుడెందుకు?" రత్నకుమారి గొంతు పెంచలేదు. "ఆయన నన్ను కొట్టిన నాడు గంత బాధ కాలే. అరవై మందిల ఒక్కరన్నా నా పేరు పలుకుతరని మూడేండ్లు చూసిన. నువ్వు పిలిస్తే చీర కట్టుకుని వచ్చిన, చూడు."

ట్రామ్ వచ్చింది. ఆవిడ లేచింది.

"క్షమించమన్నవు. క్షమించినలే. నీతోని మళ్ల కూర్చునుడు మాత్రం నాతోని కాదు."

తలుపులు మూసుకున్నాయి. అబిగేయిల్ ఎక్కాల్సిందీ అదే ట్రామ్. ఎక్కలేదు. తర్వాతి దానిలో వెళ్లింది. పది గంటలకు మీటింగ్ ఉంది. మరో నాలుగు నర్సింగ్ హోమ్‌లు ఆమె ప్రోగ్రామును కొన్నాయని మేనేజరు అందరి ముందూ చెప్పి, ఆమె పేరు పిలిచి, చప్పట్లు కొట్టించాడు.