నీళ్లతొట్టి దగ్గర సువార్త

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడాది గోదావరిఖని దగ్గరి ఓపెన్‌కాస్టు గని వర్క్‌షాపులో సువార్తకు మజ్దూర్ ఉద్యోగం దొరికింది. భర్త సామ్యేల్ ఆ గనిలోనే డంపర్ నడిపేవాడు. కామెర్లతో పోయాడు. ఆయన బదులు ఈమెను తీసుకున్నారు. ఫోర్‌మన్ నర్సింగం మొదటిరోజే చీపురు చేతిలో పెట్టాడు. ఆమె ఊడ్చింది, ఛాయ్ మోసింది. పని కాగానే మాత్రం మెకానిక్ కొమురెల్లి పక్కన నిలబడి, ఏ బోల్టు ఎందుకు విప్పుతున్నాడో అడిగేది. అతను విసుక్కోకుండా చెప్పేవాడు.

"గివన్ని నీకెందుకు చెల్లె?" అన్నాడొకసారి నర్సింగం.

"నేను గూడ గీ షెడ్డు మనిషినే గదన్న."

ఆ వానాకాలం ఒక డంపర్ లోడుతో ఎత్తు ఎక్కలేక నల్లటి పొగ కక్కడం మొదలుపెట్టింది. టర్బో నొక్కి పంపే గాలి ఇంజన్‌కు చేరకముందే ఎక్కడో తప్పించుకుంటోందని అందరి అనుమానం. ఆ వేడిగాలిని దారిలో చల్లబరిచేది ఇంటర్‌కూలర్. దాన్ని విప్పి, రెండు మూతులకూ రబ్బరు వేసి ఇనుప ప్లేట్లు బిగించి, లోపలికి గాలి కొట్టి నీళ్లతొట్టిలో ముంచాలి. బుడగలు వచ్చినచోట లీకు ఉన్నట్టు. ఆ రోజు కొమురెల్లి జ్వరంతో రాలేదు.

"నేను జేస్తనన్న," అంది సువార్త.

"ఆడోళ్లు జేసే పనేనా ఇది?"

"తొట్టిల నీళ్లు నింపుమన్నప్పుడు ఆ మాట అనకపోతివి."

వేరే మనిషి లేక నర్సింగం ఊరుకున్నాడు. ఆమె ప్లేట్లు బిగించింది, గాలి కొట్టింది, ముంచింది. ఒక మూల నుంచి బుడగలు లేచాయి. "గిదే!" అని అరిచింది. అక్కడ అతుకు వేయించి బండికి బిగించారు. డంపర్ మళ్లీ ఎత్తు మధ్యలోనే నిలబడి పొగ కక్కింది.

మర్నాడు కొమురెల్లి వచ్చి, విప్పి పక్కన పెట్టిన ప్లేటు తిప్పి చూశాడు. దానికి అంటుకున్న రబ్బరు మడతపడి ఉంది. బుడగలు వచ్చింది అక్కడి నుంచే. కూలర్‌కు ఏ జబ్బూ లేదు.

షెడ్డంతా నవ్వింది. ఆ సాయంత్రం సువార్తకు అన్నం సయించలేదు. తనమీద కోపం కొంత, ఆ నవ్వులమీద చాలా.

తెల్లారి నర్సింగం అందరిముందూ చీపురు చాపాడు. ఆమె అందుకోలేదు.

"తప్పు జేసిన, ఒప్పుకుంటున్న. పోయిన నెల నువ్వు బిగించిన ఆయిలు పైపు ఊడి బండి నడిదారిల ఆగిపాయె. మరి నీ చేతికెవరు చీపురిచ్చిండ్రన్న?"

నర్సింగం మొహం కందిపోయింది.

"మాట జాగ్రత్త! ఆఫీసుల చెప్పిన్నంటే నౌకరి పోతది."

"చెప్పు. ఆడ గూడ గిదే మాట జెప్త. లీకు దొరికేదాక నేను ఈడికెల్లి లేవ."

అని పోయి తొట్టి గట్టుమీద కూర్చుంది. చీరె కుచ్చిళ్లు సర్దుకుంది.

కొమురెల్లి ముందుకొచ్చాడు. "బండి ఊకెనే నిలబడ్డదన్న. ఆమెను జెయ్యనియ్యి. నేనో చెయ్యి పడ్త."

నర్సింగం అటు తిరిగి బీడీ ముట్టించాడు. వద్దని మాత్రం అనలేదు.

ఈసారి కూలర్‌ను రెండువైపుల రబ్బరు గొట్టాలతో సహా విప్పారు. గొట్టాల చివర ప్లేట్లు బిగించి, గాలి పెట్టగానే ముందు వాటి అంచులకే సబ్బునీళ్లు పూసింది సువార్త. నురగ పొంగలేదు, అంటే ప్లేట్ల దగ్గర గాలి పోవడం లేదు. అప్పుడు ముంచారు. ఒక గొట్టానికి బిగించిన పట్టీ పక్కనుంచి సన్నటి బుడగలు వరసకట్టాయి.

"నువ్వు గూడ చూడు. నా మీద ఇడిసిపెట్టకు," అంది.

కొమురెల్లి గుడ్డతో తుడిచి, గొట్టాన్ని వంచి చూశాడు. పట్టీ కొరికినచోట రబ్బరు చీలింది. కొత్త గొట్టం వేశాక డ్రైవర్ ఎల్లేశం లోడుతో బండిని ఎక్కించాడు. అది పైకి చేరేదాకా సువార్త షెడ్డు బయటే నిలబడి చూసింది. పొగ రాలేదు.

నర్సింగం మెచ్చుకోలేదు. కానీ ఆ తర్వాత లీకు పరీక్షలన్నీ ఆమెకే వచ్చాయి. మధ్యమధ్య పొరపాట్లు జరిగేవి. వాటిని ఎవరూ పట్టుకోకముందే తానే చెప్పేది. మజ్దూర్ కంటే పైదైన హెల్పర్ గ్రేడు కోసం ఆఫీసు చుట్టూ తిరిగి, విసిగించి మరీ తెచ్చుకుంది.

"ఇంకేం గావాలె నీకు?" అన్నాడు నర్సింగం.

"బోల్టులు విప్పే పానాలన్ని మీ చేతుల కొలతకే ఉన్నయన్న. నా చేతికి పట్టేది తెప్పియ్యి."

తెప్పించేదాకా రోజూ అడిగింది.