ఒక దీపం నాది, ఒక దీపం నీది

మేమెక్కిన అద్దె కారును వాహనాల తనిఖీ కార్యాలయం గేటు దగ్గరే ఆపేశారు. ముందు దీపాల మీది అద్దాలు పసుపుబారి, మసిపట్టిన సీసా అడుగుల్లా ఉన్నాయి.

"ఇది మూడోసారి. ఒంటిగంటకు గేటు మూస్తాం. ఈలోగా బాగుచేయించుకొస్తే సరే, లేదంటే పర్మిట్ రద్దు" అన్నాడు అధికారి.

తోటి ప్రయాణికులు ముగ్గురూ గొణుక్కుంటూ బస్సు వెతుక్కోవడానికి పోయారు. ఫలానా వేళకు చేరాల్సిన ఊరంటూ నాకేదీ లేదు కనుక నేను మిగిలిపోయాను. డ్రైవరుకు ముప్పై కూడా ఉండవు. ఈ కారు తప్ప తనకు వేరే బతుకుతెరువు లేదని దారంతా చెబుతూనే వచ్చాడు. ఇప్పుడు సంచిలోంచి పళ్లపేస్టు తీసి దీపాలకు రుద్దడం మొదలుపెట్టాడు.

"అల్లుడూ, బండికి పళ్లు తోముతున్నావా? పనిలో పనిగా పుక్కిలించమని కూడా చెప్పు!"

గోడ నీడలో ముక్కాలిపీట మీద కూర్చున్న మనిషి అన్న మాట అది. అరవై దాటిన వయసు, ఎండుకట్టె లాంటి ఒళ్లు, చేతివేళ్లు మాత్రం పసిపిల్లల వేళ్లంత నున్నగా ఉన్నాయి. గేటు కాపలావాడు ఆయన్ని 'అద్దాల మామ' అన్నాడు.

"పేస్టు రుద్దితే నాలుగు రోజులు మెరుస్తుంది, ఐదోరోజుకు మళ్లీ ఇదే మొహం. ఎండకు పైపొర మాడిపోయింది. దాన్ని తీసేసి, కొత్త పొర వెయ్యాలి. ఒక దీపం నేను చేస్తా, రెండోది నువ్వు చెయ్యాలి. అలా అయితేనే లేస్తా."

"నాకు రాదు మామా!"

"వస్తే పళ్లపేస్టెందుకు రుద్దుతావు?"

కటకాలు అరగదీసి పొట్టపోసుకున్న జ్ఞానుల గురించి పుస్తకాల్లో చదివాను. వాళ్లు మితభాషులట. ఈయన ఆ కోవకు చెందడు. పని చేస్తూనే తన కథంతా చెప్పాడు. పంతొమ్మిదో ఏట కళ్లజోళ్ల దుకాణం వెనకగదిలో చేరి, ముప్పై ఒక్క ఏళ్లు కటకాలు సానబట్టాడు. తర్వాత యంత్రం వచ్చింది. యజమాని మంచివాడు, దాని పక్కనే కుర్చీ వేసి కూర్చోమన్నాడు. మూడోరోజుకు చేతులు దురదపెట్టి లేచి వచ్చేశాడు. కారు దీపం మీదిది కూడా కటకం లాంటిదే కదా అనుకుని మొదట ప్రయోగం చేసింది బావమరిది కారు మీద. ఆ దీపం పాడైపోయింది.

"బావమరిది నాలుగేళ్లు మాతో మాట్లాడలేదండీ. ఆ నాలుగేళ్లూ ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో!"

అందరికీ పని నేర్పి పంపేస్తే రేపు మీ దగ్గరికి ఎవరొస్తారని అడిగాను.

"మా ఆవిడా అదే అంటుంది. ఊరందరికీ నేర్పు, చివరికి మనిద్దరం ఒకరి మొహం ఒకరం తోముకుందాం అంటుంది. వెనకగదిలో ఉన్నన్నాళ్లూ నా పని ఎలా ఉంటుందో ఒక్కడూ చూళ్లేదండీ. ఇప్పుడు చూసినవాడికే చేస్తాను."

దీపం చుట్టూ రంగు చెడకుండా టేపు అంటించాడు. తడిపిన గరుకు కాగితంతో ముందు అడ్డంగా, తర్వాత సన్నరకంతో నిలువుగా రుద్దాడు. అద్దం పాలలా తెల్లబడిపోయింది. డ్రైవరు వంగి అద్దంలోకి తొంగిచూశాడు.

"మామా, ఉన్న చూపు కూడా తీసేశావు!"

"నోరు మూసుకుని నీ దీపం చూసుకో."

ఇంకా సన్నకాగితం, ఆపైన మెరుగుపూత. తెలుపంతా విడిపోయి లోపలి బల్బు కనబడింది. చివరగా గుడ్డ ముక్కతో పారదర్శకమైన పూత వేసి, ఆరేదాకా గాలి తప్ప ఇంకేదీ తగలకూడదన్నాడు. డ్రైవరు కూడా పెదవి బిగబట్టి తన దీపం పూర్తిచేశాడు. బాగానే వచ్చింది. పన్నెండున్నరయింది.

డ్రైవర్లకు ఒక అలవాటుంటుంది, బండి పక్కన నిలబడితే చేయి ఊరుకోదు. ఇతను భుజం మీది తువ్వాలు తీసి, తన దీపాన్ని ముద్దుగా ఒక్కసారి తుడిచాడు. తడిపూత నిండా నూలుపోగులు అంటుకున్నాయి.

"అయిపోయింది మామా" అన్నాడు. "గేటు మూసేస్తారు. నువ్వే చేసిపెట్టు."

"అది నీది. నేను ముట్టుకోను."

డ్రైవరు కాగితం నీళ్లలో ముంచి రుద్దాడు కానీ, ఆ తొందరలో గీతలు పడుతున్నాయి. అద్దాల మామ కాసేపు చూశాడు. లేచి వెనకనుంచి డ్రైవరు చేతిమీద తన చేయి వేసి, నెమ్మదిగా కదిలించసాగాడు.

"ముట్టుకోనన్నావుగా?" అన్నాను.

"నేను పట్టుకుంది వీడి చెయ్యండీ, దీపం కాదు."

రెండో పూత కూడా అలాగే పడింది. ఆరేదాకా డ్రైవరు తువ్వాలును అద్దాల మామ తన దగ్గరే పెట్టుకున్నాడు. ఒంటిగంటకు రెండు నిమిషాలుండగా కారు లోపలికి పోయింది. అధికారి వెలుతురు కొలిచే పెట్టెను ఒక్కో దీపం ముందూ పెట్టి చూశాడు, డ్రైవరు చేసినదాని దగ్గర మళ్లీ వంగి చూశాడు. "ఈ మూల కొంచెం మసకగా ఉంది" అని, ఆగి, ముద్ర వేశాడు.

డ్రైవరు గేటు బయటికి పరుగెత్తుకొచ్చాడు. "మామా, పాసైంది! మామా!"

ఆయన అప్పటికే ముక్కాలిపీట చంకన పెట్టుకుని రోడ్డు దాటుతున్నాడు. వెనక్కి తిరగలేదు. ఎదురుగా ఆగివున్న లారీ ముందు దీపాల వంక మాత్రం ఒక చూపు చూసి, పక్క సందులోకి తిరిగిపోయాడు.