ముప్పై ఒకటో రాయి

కిత్సోస్ గొర్రెపెరుగు గిన్నెలో మూడు వేళ్లు ముంచి, గోడలో కొత్తగా కూర్చిన రాయి ముఖానికి పట్టించాడు. పెరుగులో కాస్త పొయ్యి మసి, కాస్త మట్టి కలిపి ఉన్నాయి. రాతికి పాచి త్వరగా పట్టాలంటే ఇంతకు మించిన మందు లేదు. వాళ్ల నాన్న చర్చి గోడలకు ఇదే పూసేవాడు, తాత పొలం గట్లకు ఇదే పూసేవాడు. అతుకు కనబడితే మేస్త్రీకి తలవంపు అన్నది ఆ ఇంట్లో నడక కంటే ముందు నేర్పే మాట.

అది కొండ మీది పాత నగరం ఉత్తర ద్వారం పక్క గోడ. కట్టి రెండువేల మూడొందల ఏళ్లు. కిందటేడాది చలికాలపు వానలకు ఒక ముక్క కూలిపోయింది. పడినవాటిలో పగలని రాళ్లు ఏరి, పగిలినవాటి బదులు క్వారీ నుంచి వచ్చిన ముప్పై ఒక్క రాళ్లు చెక్కి, కిత్సోస్ నలభై రోజుల్లో దాన్ని మళ్లీ నిలబెట్టాడు. సున్నం లేదు, సిమెంటు లేదు. ఐదు మూలల రాయి పక్కన ఏడు మూలల రాయి. సందులో చాకు మొన దూరదు.

అతనికి అరవై రెండేళ్లు. నాలుగో తరగతితో బడి మానేశాడు. పధ్నాలుగో ఏట, వరదకు కూలిన చిన్న వంతెన రాళ్లను ఏటి ఒడ్డున పేర్చి, విప్పి, మళ్లీ పేర్చి, కమాను ఎలా నిలుస్తుందో తనకు తానే తెలుసుకున్నాడు. ఊళ్లో సగం రొట్టెల పొయ్యిలు అతను కట్టినవే. కాఫీ దుకాణంలో రాజకీయాలు మొదలైతే కప్పు ఖాళీ చేసి లేచిపోతాడు. మాటలతో గోడ లేవదంటాడు.

ఆ సోమవారం పొద్దున ఎర్మియోని కొండెక్కి వచ్చింది. అక్కడి పురావస్తు తవ్వకాలకు బాధ్యురాలు ఆవిడే. ముప్పై నాలుగేళ్లుంటాయి. ఈ నలభై రోజులూ సముద్రం దగ్గరి పట్నంలో వేరే పని మీద ఉండిపోయింది.

"కిత్సోస్ బాబాయ్, కూలిన చోటు ఎక్కడ?"

అతని మీసం కింద నవ్వు మెదిలింది. "నువ్వే చెప్పు. చదువుకున్నదానివి."

ఆవిడ గోడకు ముక్కు ఆనించినంత దగ్గరగా నడిచింది. "ఇది కొత్తదా?"

"కాదు."

"పోనీ ఇది?"

"అది నీ ముత్తాత ముత్తాతకు ముత్తాత పెట్టింది."

టికెట్ల గది గడప మీద నిలబడ్డ కాపలామనిషి అగోరో పకపకా నవ్వింది. కిత్సోస్‌కు పెదనాన్న కొడుకు భార్య ఆమె. ఎర్మియోని మాత్రం నవ్వలేదు.

"చాలా బాగా కట్టారు బాబాయ్. వచ్చిన చిక్కే అది. మొదటి రోజే చెప్పాను కదా, పది అడుగుల నుంచి చూస్తే గోడ ఒక్కటిగా ఉండాలి, రెండడుగుల్లోకి వస్తే కొత్త రాయి ఏదో పసిపిల్లకైనా తెలియాలి."

"చెప్పావు. పని రానివాళ్లు తమ కోసం రాసుకున్న రూలేమో అనుకున్నా."

"వచ్చే సోమవారం గోడ తనిఖీకి కమిటీ వస్తోంది. కొత్తవేవో తెలియకపోతే గోడ విప్పేయమంటారు. ద్వారం ఈ ఏడూ మూతే."

కిత్సోస్ పెరుగు చేతిని ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఆ ద్వారం మూసినప్పటి నుంచి చూడవచ్చేవాళ్లంతా దక్షిణపు మేకలబాటే ఎక్కుతున్నారు. ముసలివాళ్లు సగంలో కూర్చుండిపోయి, అంగడి వీధి, రంగస్థలం చూడకుండానే దిగిపోతున్నారు.

"విప్పేది లేదు. కొత్తవి ముప్పై ఒకటి. అన్నీ చూపిస్తా, ఉన్నచోటే వాటి ముఖం గోరు మందం చెక్కి లోపలికి దించుతా. అప్పుడు నీ పసిపిల్లకు తెలుస్తుంది."

"దెబ్బలకు పక్క రాళ్లు కదిలితే?"

"ఎవరు కొడుతున్నారనుకుంటున్నావు?"

సుద్దముక్క తీసుకున్నాడు. అరచేయి ఆనించి, వేలి కణుపుతో తట్టి, గుర్తు పెట్టుకుంటూ పోయాడు. మధ్యాహ్నానికి ముప్పై అయ్యాయి. ముప్పై ఒకటోది దొరకలేదు.

సాయంత్రం దాకా వెతికాడు. ఏరినప్పుడు పాత రాళ్ల వెనక రాసిన నంబర్లు గోడ లోపలికి వెళ్లిపోయాయి. గోడ విప్పితే తప్ప కనబడవు. మంగళవారం తెల్లవారుతూనే మళ్లీ మొదలుపెట్టాడు. కింది వరుస నుంచి పైకి, పై వరుస నుంచి కిందికి.

"ఏమయ్యా కిత్సో, కన్నబిడ్డను గుర్తుపట్టలేని తండ్రిని నిన్నే చూస్తున్నా," అంది అగోరో కాఫీ పెడుతూ.

"ముప్పై మందిని పట్టాను వదినా. మీ ఆయన ఇద్దర్ని చూసే తికమకపడతాడు."

"వాళ్లు కవలలు!"

"ఇవీ అంతే."

కాఫీ చల్లారిపోయింది. సాయంత్రం అతను గోడకు ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు. ఎర్మియోని వచ్చి పక్కన కూర్చుంది.

"నేను చెక్కిన రాయి నాకే దొరకడం లేదు," అన్నాడు చివరికి. "రేపు నీలాంటి అమ్మాయి ఇంకోతె వస్తుంది. దాన్ని కొలిచి, పాత రాయి అని పుస్తకంలో రాస్తుంది. ఆ అబద్ధం ఆమెది కాదు, నా చేతిది." చేతుల దుమ్ము దులుపుకుని, "రూలు రాసినవాడికి పని వచ్చమ్మాయ్," అన్నాడు.

బుధవారం పొద్దున అగోరో టికెట్ల గది మెట్లు కడుగుతోంది. చీపురు ఆపి పిలిచింది.

"ఇదిగో, ఇటు చూడు. నువ్వు పోయినేడు వేసిన మెట్టు అప్పుడే ఆరిపోయింది. పాతవి ఇంకా తడిగానే ఉన్నాయి. రోజూ ఇంతే."

కిత్సోస్ ఆ మెట్ల వైపు ఒక్క క్షణం చూశాడు. వెంటనే వెళ్లి ఆమె పక్కనున్న బకెట్ లాక్కున్నాడు. ఎండకీ వానకీ బొరియలు పడ్డ పాత రాయి నీళ్లు తాగి దాచుకుంటుంది. కొత్తగా చెక్కిన గట్టి ముఖం తాగదు. పెరుగు రంగును మారుస్తుందే కాని దాహాన్ని మార్చలేదు. అది తెలిసి కూడా తనకు తట్టనందుకు తనను తానే తిట్టుకుంటూ, పదకొండు బకెట్లు మోసి గోడంతా తడిపాడు.

ముగ్గురూ ఎండలో నిలబడి చూశారు. సుద్ద గుర్తులు కొట్టుకుపోయాయి. ముందు ఒకటి ఆరి తెల్లబడింది, తర్వాత నాలుగు, తర్వాత గుంపుగా. ఎర్మియోని పైకే లెక్కపెడుతోంది. ద్వారబంధం పక్కన మోకాలి ఎత్తులో, కోడిగుడ్డంత చిన్న రాయి చివరగా తెల్లబడింది. రెండు పెద్ద రాళ్ల మధ్య సందులో చీలలా అతను దిగ్గొట్టిన రాయి అది.

"ముప్పై ఒకటి!" అని అరిచింది ఎర్మియోని.

"దొంగముండాకొడుకు," అన్నాడు కిత్సోస్ ముద్దుగా.

ఆ రోజు నుంచి ఆదివారం చీకటిపడే దాకా సన్నమొన ఉలితో కూర్చున్నాడు. సుత్తిని చేయి ఎత్తి కొట్టలేదు. మణికట్టు బరువు మాత్రమే వేశాడు. ప్రతి రాయికీ ముందు పక్క రాయి మీద ఎడమ అరచేయి పెట్టి, అదురు తెలిస్తే ఆగిపోయేవాడు. పెరుగు కడిగేశాడు. ముఖాన్ని గోరు మందం దించి, చుక్కలన్నీ ఒకే వాలులో, వరి నాట్లంత వరుసగా వేశాడు. కనబడక తప్పదంటే చక్కగానే కనబడాలి. అది చూసి ఏ మేస్త్రీ అయినా తలవంపు అనగలిగితే అప్పుడు చూసుకోవచ్చు.

సోమవారం కమిటీ వాళ్లు ముగ్గురు వచ్చారు. పది అడుగుల దూరంలో నిలబడి కళ్లు చికిలించారు. తెల్లమీసాల ఇంజనీరు దగ్గరికి వచ్చి, ఒక్కో రాయినీ వేలితో తాకుతూ పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. చిన్న రాయి దగ్గర వంగి ఆగాడు.

"దీన్ని కూడా చెక్కారా?"

"అదీ కొత్తదే కదండీ," అన్నాడు కిత్సోస్.

ఇంజనీరు గోడకు భుజం ఆనించి నెట్టాడు. కొండను నెట్టినట్టే ఉంది. ద్వారం తెరిచే అనుమతి కాగితం ఎర్మియోనికి ఇచ్చాడు. ఆవిడ సంతకం చేసి కిత్సోస్ వైపు తిరిగి, "తీసేయండి బాబాయ్," అంది.

కిత్సోస్ ద్వారానికి అడ్డంగా కొట్టిన పలకల మేకులు ఒక్కొక్కటీ లాగాడు. కిందనుంచి అప్పుడే బస్సు దిగిన ముసలి దంపతులు చేతికర్రలతో వస్తున్నారు. పని చోటు చుట్టూ వేసిన కంచె తాళంచెవి జేబులోంచి తీసి అగోరో అరచేతిలో పెట్టాడు.

"ఇక నీది వదినా."

ఉలులు సంచిలో వేసుకుని, ఆ ముసలివాళ్లకు దారిచ్చి పక్కకు నిలబడ్డాడు.