యారండ్ల బర్రెలు

తొంభైల చివర్లో పశువైద్య కళాశాలలో మెడిసిన్ పాఠాలు చెప్పేదాన్ని. జబ్బుపడిన బర్రెకు, ఆరోగ్యంగా ఉన్న బర్రె కడుపులోని రసం తీసి పట్టిస్తే మళ్లీ నెమరు వేస్తుందని ఏటా బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పేదాన్ని. నిజం చెప్పొద్దూ, నా చేత్తో ఒక్కసారీ చేయలేదు.

వారానికోసారి విద్యార్థులను వ్యాన్‌లో ఎక్కించుకుని మేడ్చల్ వైపు ఊళ్లకు వెళ్లేవాళ్లం. ఆ రోజు రావల్కోల్‌లో ఒకామె ఎదురొచ్చి నా చేయి పట్టుకుంది. తమ్ముడి పెళ్లిలో మిగిలిన అన్నం పారేయబుద్ధి కాక, ప్రేమకొద్దీ గంపెడు తన బర్రెకు పెట్టిందట. మూడు రోజులుగా అది గడ్డి ముట్టడం లేదు. ఊరి పశువుల డాక్టరు సెలైన్ ఎక్కించి, సోడా పట్టించి ప్రాణం నిలిపాడు గానీ నెమరు ఆగిపోయింది.

"దూడప్పటిసంది సాకిన మేడం. మా ఇల్లు నడిచేదే దీని పాల మీద. ఎట్లన్న జేసి బతికియ్యుండ్రి," అని ఏడ్చింది.

ఎడమ డొక్క మీద స్టెతస్కోపు పెట్టాను. లోపల చడీచప్పుడు లేదు. పులిసిన అన్నం కడుపులోని మంచి క్రిములన్నిటినీ చంపేసింది. వెంటనే రసం పట్టించకపోతే బర్రె దక్కదు. దగ్గర్లో బాగా మేస్తున్న బర్రె ఎవరికుందని అడిగాను. ఆమె గోడవతలికి చూసి మొహం తిప్పుకుంది. అక్కడుండేది ఆమె యారాలు, బావగారి భార్య. ఇంటి మధ్య గోడ కట్టిన నాటి నుంచి రెండేళ్లుగా మాటల్లేవు.

"సస్తె సావనీ గని, ఆమె గడప తొక్క."

నాకు ఒళ్లు మండింది. "కోపం నీకా, బర్రెకా?" అని కేకలేశాను. విద్యార్థులు నేలచూపులు చూశారు.

నేనే వెళ్లి అడిగాను. చేటలో బియ్యం ఏరుకుంటున్న పెద్దామె తలెత్తలేదు. "మీరెందుకు వచ్చిన్రు మేడం? గామెకు నోరు లేదా?"

ఇద్దరూ ఇద్దరే! విసుక్కుంటూ వెనక్కి తిరిగేసరికి చిన్నామె గుమ్మం దగ్గర ఖాళీ బకెట్ పట్టుకుని నిలబడి ఉంది. కళ్లు కారిపోతున్నాయి.

పెద్దామె చేట పక్కన పడేసింది. "ఏం జూస్తున్రు? జల్దీ కానియ్యుండ్రి," అంటూ తానే వెళ్లి తన బర్రె ముక్కుతాడు గట్టిగా పట్టుకుంది.

బోర్డు మీద గీసినట్టే పైపును దాని నోట్లోంచి కడుపులోకి దించాను. పచ్చటి రసం బుడబుడమంటూ బకెట్‌లోకి దిగింది. ఆ కంపుకు ఇద్దరు విద్యార్థులు బయటికి పరుగెత్తారు. నాకైతే పండగే! వడగట్టి, వెచ్చగా ఉండగానే గోడవతలి బర్రెకు పట్టించాం.

మర్నాడు క్లాసు ఎగ్గొట్టి ఒక్కదాన్నే వెళ్లాను. బర్రె దవడలు మెల్లగా ఆడుతున్నాయి. పెద్దామె అప్పటికే దాని ముందు గొంతుక్కూచుని ఉంది. చిన్నామె అటు తిరిగి పేడ ఎత్తుతోంది. ఇంకా మాటల్లేవన్నమాట.

డొక్కలో ఉరుముతున్నట్టుంది. సంతోషం పట్టలేక స్టెతస్కోపు చిన్నామె చెవులకు పెట్టాను. కాసేపు విని, దాన్ని తీసి, తానే పెద్దామె చెవులకు తగిలించింది.

"ఇను అక్కా... కదులుతాంది."

పెద్దామె చాలాసేపు విన్నది. "ఇనవడ్తాందే. మల్ల అన్నం వెట్టినవనుకో, నీ తోలు తీస్త."