ఘాట్ దిగే బండికి ఇత్తడి రివెట్లు

దేగ్లూర్ నాకా దగ్గర బ్రేక్ షూలకు రివెట్లు కొట్టి లైనర్లు వేసే దుకాణం నాది. ఇప్పుడు గమ్‌తో అతికించినవి డబ్బాల్లో తయారుగా వస్తున్నాయి. పాత ట్రక్కులూ, ట్రాలీలూ, జీపులూ మాత్రం ఇంకా నా దగ్గరికి వస్తాయి, నాలాగే రొప్పుకుంటూ. పగలంతా సుత్తి పట్టిన చెయ్యి సాయంత్రం అన్నం కలపడానికి కూడా మొరాయిస్తుంది.

మనుషుల్లాగే రివెట్‌కు కూడా తనకు తగిన చోటు ఉంటుంది. ట్రాలీ చాసిస్‌కు నిండు ఇనుప రివెట్. ట్రక్కు బాడీ రేకుకు పాప్ రివెట్ చాలు, దాన్ని ఎవరైనా వేసేస్తారు. లైనర్‌కు మాత్రం కొస బోలుగా ఉండే ఇత్తడిది కావాలి. అల్యూమినియంది మెత్తగా లొంగుతుంది, చెయ్యి నొప్పి పెట్టదు, ఊళ్లో తిరిగే బండికి సరిపోతుంది. నిండా మనుషులతో ఘాట్ రోడ్డు దిగితే వేడికి వదులైపోతుంది. ఇవన్నీ తెలియకుండా ఉంటే నా బతుకు ఇంకొంచెం సుఖంగా గడిచేది.

మొన్న మంగళవారం దుకాణం తెరవలేదు. మాహూర్ రేణుకమ్మకు ఒడిబియ్యం పోస్తానని మా ఆవిడ మొక్కుకుని ఏళ్లయింది. ప్రతిసారీ నా పనే అడ్డం పడింది. ఈసారి నాయ్‌గావ్ నుంచి మా బామ్మర్ది తన జీపు తెచ్చాడు, నిండా చుట్టాలతో. బ్రేకులు నిన్ననే చేయించానని గొప్పగా చెప్పాడు. కానీ వాకిట్లో బండి ఆగేటప్పుడు వెనక చక్రాల్లో సన్నగా గీరుకున్న చప్పుడు. అది నా చెవిన పడకపోతే ఎంత బాగుండేదో.

చక్రం విప్పితే అనుకున్నంతా అయింది. అల్యూమినియం రివెట్లు. పైగా కొట్టినవాడు రెండు చివర్లూ ముందు బిగించి మధ్యకు వచ్చాడు, లైనర్ మధ్యలో ఉబ్బింది. దుప్పటిని మధ్య నుంచి అంచులకు చేత్తో సవరించినట్టు కొట్టుకుంటూ పోవాలి. మెల్లగా పోదాం బావా, ఏం కాదు అన్నాడు బామ్మర్ది. మా ఆవిడ బియ్యం మూట ఒళ్లో పెట్టుకుని జీపు దిగకుండా కూర్చుంది.

"అమ్మవారి దినం గూడ గా సుత్తె ఇడ్వవా?" అన్నది.

కోపం వచ్చింది. ఆమె మీద కాదు. ఎవరో సగం చేసి వదిలేసిన పని ప్రతిసారీ నా చేతికే వస్తుంది, దాని మీద. దుకాణం తెరిచి, పాత రివెట్లు దొలిచి తీసి, రెండు చక్రాలకూ కొత్త లైనర్లు ఇత్తడితో కొట్టేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. మణికట్టు వాచింది. మాహూర్ చేరేదాకా ఆమె మొహం రోడ్డు వైపే తిప్పుకుని కూర్చుంది.

దర్శనం అయింది, మా ఆవిడ అమ్మవారికి ఒడి నింపింది. తిరుగుదారిలో ఘాట్ మొదలవగానే వెనక చుట్టాలంతా కునుకు తీశారు. బామ్మర్ది నడుపుతుంటే నేను మాత్రం ప్రతి మలుపులో చక్రాల చప్పుడు వింటూ కూర్చున్నాను. ఎవరి బండెక్కినా నా ప్రయాణాలన్నీ ఇంతే, విసుగొస్తుంది. నాకు తెలియకుండానే కుడికాలు నేలను తొక్కుతోంది, అక్కడేదో బ్రేక్ పెడల్ ఉన్నట్టు.

పక్కనున్న మా ఆవిడ అది చూసింది. వాచిన నా చేతిని ఒళ్లోకి తీసుకుంది, పొద్దున బియ్యం మూట ఉన్న చోటికి.

"కాలు తీయ్. గా రివెట్లు నువ్ కొట్టినయే గద," అన్నది. "జర పండుకో."

ఘాట్ ఎప్పుడు దిగామో నాకు తెలియదు.